కోయని మూల

మా ఆడమనిషి నన్ను అడగకుండానే మాటిచ్చి వచ్చింది.

మే నెల, శుక్రవారం. స్టేడియం పడమటి స్టాండు నీడలో కూర్చున్నాం. అది మా చోటు. రమణి సబా అల్ సలేంలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. నేను స్టేడియంలో గడ్డి చూసుకుంటాను. ఎదురుగా తూర్పు స్టాండు మెట్ల కింద గదిలో నేనూ, జగిత్యాల లింబాద్రీ ఉంటాం. ఆమె ఉండే ఇంటికి నేను పోయేది లేదు, నా గదికి ఆమె వచ్చేది లేదు. వారానికొకసారి ఆమె బస్సు దిగి వస్తే మాకు మిగిలేది వేలమంది కూర్చునే ఆ స్టాండే. "ఇంత పెద్ద మిద్దె మన రాజంపేటలో ఎవురికుండాది?" అని నవ్వేది. టిఫిను గిన్నె మధ్యలో పెట్టుకుని, కింద ఖాళీ గ్రౌండు చూస్తూ తినేవాళ్ళం. ఊళ్ళో ఉన్నప్పుడైనా మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదు.

"ఏమయ్యా, ఒక మాట చెప్తా, అరవగాకు" అంది.

నేను అరిచే మనిషిని కాను. ఆమెకు తెలుసు.

"మా ఇంటి మామా బాబాను ఈడికి తోలుకొస్తాదంట. ఆయప్ప ఆడిన గోలుకాడ ఒక్కసారి నిలబెట్టాలంట. ఇది పడగొట్టకముందే."

"తోలుకురమ్మను."

"ఇప్పుడు గాదు. ఈ ఎండల్లో గడప దాటించొద్దన్యాడు డాక్టరు. ఆగస్టు ఆఖరుకైతే తెల్లారుజామున తేవచ్చునంట. అంతవరకూ గడ్డి బతికుంటాదా అని మామా అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"మా ఇంటాయన ఉండాడు, పచ్చగ పెడతాడు అని చెప్పినా."

నేను గ్రౌండు వంక చూశాను. ఆఖరి మ్యాచ్ అయిపోయి వారం కూడా కాలేదు. సున్నపు గీతలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. జూను మొదలవగానే నీళ్ళ ట్యాంకరు ఆపేస్తామని కంపెనీ అప్పటికే చెప్పేసింది. పడగొట్టే చోట గడ్డికి నీళ్ళెందుకు? ఆ సంగతి రమణికి చెప్పలేదు. టిఫిను గిన్నెలో అన్నం కలుపుకున్నాను.

"ఏమీ అనవేందయ్యా?"

"మాటిచ్చినావు గదా" అన్నాను.

బాబా అంటే ఆమె పనిచేసే ఇంటి పెద్దాయన. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు, ఆమె ఆయన కూతురు. ఒకప్పుడు ఈ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆయనే గోల్‌కీపరు. ఆట మానేశాక క్లబ్బు పెద్దల్లో ఒకడయ్యాడు. నేను పనిలో చేరిన కొత్తలో రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చేవాడు, గడ్డి మీద అడుగులో అడుగు వేస్తూ ఒక చుట్టు తిరిగేవాడు. ఇప్పుడాయనకు మతి లేదు. కూతురి పేరు తెలియదు. అన్నం తిన్నదీ లేనిదీ తెలియదు. పొద్దు వాలుతూనే బూట్లు అడుగుతాడు. రమణి తొడిగి లేసులు కడుతుంది. హాల్లో సోఫా అంచున కూర్చుని కారు కోసం చూస్తాడు. ఈ రోజు మ్యాచ్ ఉంది అంటాడు. రాత్రి భోజనం వేళకు మరిచిపోతాడు. అప్పుడు బూట్లు విప్పుతుంది.

మామా ఆయనను ఏసీ ఉన్న కొత్త స్టేడియానికి ఒకసారి తీసుకుపోయిందట. అక్కడ ప్లాస్టిక్ గడ్డి. బూటు మొనతో నేల గీరి చూశాడట. "ఇది కాదు" అని తిరిగి కారెక్కాడట.

ఆయన గడ్డిని కాలితో గుర్తుపట్టే మనిషి. అది నాకు ముందే తెలుసు.

*

ఈ స్టేడియం గురించి నాకు తెలిసిందంతా రామాంజులు చెప్పిందే. ఆయన మా పక్క ఊరివాడు, నాకంటే ముందు ఇక్కడ గడ్డి చూసినవాడు. మొదట్లో ఇది ఉత్త ఇసుక గ్రౌండంట. పడితే మోకాళ్ళు ఊడేవంట. స్టాండు లేదు, జనం కార్ల మీద కూర్చుని చూసేవాళ్ళంట. తర్వాత పడమటి స్టాండు, ఇంకా తర్వాత తూర్పు స్టాండు కట్టారు. యుద్ధమొచ్చినప్పుడు సైన్యం లారీలు గ్రౌండు మధ్యలో నిలబడ్డాయంట. నేల నూనె తాగి నల్లబడింది. యుద్ధం పోయాక పై మట్టి ఎత్తిపోసి, కొత్త మట్టి పోసి, గడ్డి మళ్ళీ నాటారు. నాటిన వాళ్ళలో బాబా కూడా ఉన్నాడని, దిష్‌దాషా పొడుగు చొక్కా అంచు నడుముకు దోపుకుని బురదలో వంగాడని రామాంజులు చెప్పేవాడు.

నేను చూసింది ఆ తర్వాతి కాలం. మ్యాచ్ రోజు డప్పులు మోగేవి. తెల్లారి నేనూ లింబాద్రీ జనం నమిలి ఊసిన గింజల పొట్టు బస్తాలకెత్తేవాళ్ళం. స్టాండు గోడకు పెచ్చు లేస్తే లోపల వేరే రంగు, దాని లోపల ఇంకో రంగు. గోరుతో గీకితే ఈ క్లబ్బు వయసంతా తెలిసేది.

ఆ గడ్డిని ఇక్కడివాళ్ళు థీల్ అంటారు. రామాంజులు నన్ను మొదటిరోజే వంగబెట్టి ఒక కొస తుంచి చేతిలో పెట్టాడు. చూస్తే గరిక. మా పొలం గట్ల మీద పీకి పారేసే గరికే. దాన్ని ఇక్కడ నీళ్ళు పోసి, ఎరువు వేసి, మిషనుతో జుట్టు కత్తిరించినట్టు కత్తిరించి పెంచుతున్నారు.

"సూడబ్బీ, వినాయక చవితికి మనోళ్ళందరూ ఈడికే వస్తారు" అన్నాడు రామాంజులు. "ఫహాహీల్ నుంచి, యాడాడి గదుల నుంచో వస్తారు. మిషను పెట్టిన గడ్డి స్వామికి పనికిరాదు. మూడు కొసలుండాల. అందుకే ఆ మూల నేను కొయ్యను. నువ్వూ కొయ్యగాకు."

దక్షిణం గోలు పక్కన, జెండా కర్ర దాటాక, కుళాయి దగ్గరుండే మూల అది. ఆటకు అడ్డం రాదు. రామాంజులు ఊరికి పోయాక నేనూ కోయలేదు.

బాబాకు ఆ మూల అంటే పడేది కాదు. చుట్టు తిరిగి అక్కడికి రాగానే కర్రతో చూపించేవాడు. "చమ్ మర్రా గిల్త్ లిక్?" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు అని. నేను తల ఊపి కొడవలి తెచ్చేవాడిని. రెండు పిడికిళ్ళు కోసేవాడిని. ఆయన వెళ్ళిపోగానే ఆపేసేవాడిని. మరుసటి రోజు మళ్ళీ అదే మాట. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ మధ్య జరిగిన మాటలన్నీ అంతే.

*

జూనులో ట్యాంకరు ఆగిపోయింది. దాంతో మూలనున్న కుళాయీ ఎండిపోయింది.

"మాకూ మాయి, ఖలాస్" అన్నాడు ముదీర్. ఆయన మా కంపెనీ సూపర్‌వైజరు. నీళ్ళు లేవు, అయిపోయింది, సెప్టెంబరు దాకా సామాన్లకు కాపలా ఉంటే చాలు, ఆ తర్వాత నిన్ను ఎడారి క్యాంపుకు మారుస్తాం అన్నాడు. ఆ క్యాంపుకు బస్సు లేదు. శుక్రవారాలు కూడా ఉండవు.

కొద్దిరోజుల్లోనే గ్రౌండు మధ్య నుంచి పసుపు మొదలైంది. అంతా బతికించలేనని తెలుస్తూనే ఉంది. ఊళ్ళో నీళ్ళు చాలనప్పుడు ఏ మడి వదలాలో ముందే తేల్చుకుంటాం. నేను దక్షిణం గోలు, దాని ముందు పెనాల్టీ డబ్బా గీత వరకు, పక్కన కోయని మూల, ఇంతే ఉంచుకున్నాను. మిగతాదంతా వదిలేశాను. పొద్దున లేవగానే అటు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను.

ఇక నీళ్ళు కావాలి. దక్షిణం గేటు అవతల చిన్న మసీదుంది. నమాజుకు ముందు అందరూ అక్కడ కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. ఆ నీళ్ళు సబ్బు లేని నీళ్ళు. ఊరికే ఇసుకలోకి పోయేవి.

మసీదులో ఆడవాళ్ళ వైపు ఊడ్చేది మస్తాన్ బీ. రాయచోటి మనిషి. నేను పోయి నిలబడ్డాను.

"ఏమన్నా, అట్ల నిలబడినావు? నోట్లో ముత్యాలుండాయా?"

"ఆ నీళ్ళు కావాల."

"యా నీళ్ళు?"

"వజూ నీళ్ళు. గడ్డికి."

ఆమె చీపురు గోడకానించి నన్ను పైకీ కిందికీ చూసింది. "ఆ గడ్డిలోంచేనా మీవాళ్ళు చవితికి గరిక పీక్కపోయేది?"

"ఊఁ."

"అంటే మా నమాజు నీళ్ళతో మీ ఇనాయకునికి గరిక పెంచుతావు."

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఉండు, మౌజన్ సాబును అడిగొస్తా. నీ మొగానికి అడగడం రాదు."

నమాజుకు పిలుపిచ్చే మౌజన్ ఈజిప్టు ముసలాయన. బయటికి వచ్చి, చేతులతో చెట్టు పెరిగినట్టు చూపించి, తల ఊపాడు. పచ్చగా ఉండేదానికి పోసిన నీళ్ళు మంచి చోటికి పోయినట్టేనని చెప్పాడంట. మస్తాన్ బీ తెలుగు చేసింది.

పార తీసుకుని పని మొదలుపెట్టాను. మోరీ పక్కన గుంట తవ్వి, అక్కడి నుంచి గేటు కింద దూర్చి గోలు దాకా కాలవ తీశాను. కాలవ అడుగున పాత బ్యానర్ల ప్లాస్టిక్ పరిచాను, ఇసుక తాగకుండా. గడ్డిని మళ్ళుగా విడగొట్టి గట్లు కట్టాను. లింబాద్రి నడుము మీద చెయ్యేసుకుని చూశాడు.

"ఏందే సుబ్బన్నా, గోల్ పోస్టు కాడ నాటేస్తున్నవా? వడ్లా, మక్కలా?"

"గడ్డికి."

"గడ్డి పోయేదే గదనే! కంపెనీ ఇడిసిపెట్టింది, క్లబ్బోడు ఇడిసిపెట్టిండు. నీకేం లొల్లి?"

"రమణి మాటిచ్చింది."

లింబాద్రి పార నా చేతిలోంచి లాక్కున్నాడు. "గట్టు గిట్ల కాదు. నీళ్ళు తన్నుకపోతయ్. జరుగు."

గట్టు మీద మా ఇద్దరికీ మాట పడింది. వాళ్ళ వైపు గట్టు ఒక రకం, మా వైపు ఒక రకం. చివరికి సగం మడి వాడి పద్ధతి, సగం నాది. నీళ్ళు రెండింట్లోనూ నిలిచాయి. అయిదు పూటలా నమాజు, అయిదు పూటలా గడ్డికి తడి. శుక్రవారం మధ్యాహ్నం జనం ఎక్కువ కాబట్టి మడి నిండేది. రమణి స్టాండు మీద నుంచి చూసి, "మన వంక పారినట్టుండాదయ్యా" అంది. ఆమె అలా అన్నాక ఆ వారం నాకు అలుపు తెలియలేదు.

*

జూలైలో కాంట్రాక్టరు మనుషులు వచ్చి గ్రౌండు చుట్టూ రేకుల కంచె కట్టారు. దక్షిణం గేటు మూసేశారు. కంచె నిలవడానికి కింద కాంక్రీటు పోశారు. నా కాలవ దాని కింద పడిపోయింది.

ఆ రోజంతా గాలిదుమారం. మధ్యాహ్నమే లైట్లు వేసుకున్నారు. గది తలుపు సందుకు తడిగుడ్డ కుక్కి కూర్చున్నాం. లింబాద్రికి ఆ మరుసటి రోజే వేరే సైటుకు మార్పు. బ్యాగు సర్దుతూ అన్నాడు: "ఇగ ఇడిసిపెట్టు సుబ్బన్నా. నువ్వు జేసిన కాడికి జేసినవ్. వదినెకు నేన్ జెప్తా."

"గుంట ఉండాది గదా" అన్నాను.

"గుంట అవుతల ఉన్నది. నువ్వు ఇవుతల ఉన్నవ్. నడుమ రేకు."

"ఉత్తరం గేటు తెరిచే ఉండాది."

"గంత చుట్టు తిరిగి బకీటు మోస్తవా? ఈ ఎండల?"

నేను లేచి స్టాండు కింద సామాన్ల కొట్టులోకి పోయాను. అక్కడ విరిగిన హర్డిల్సు, గాలి పోయిన బంతులు, పాత తోరణాలు ఉండేవి. ఒకప్పుడు ఇక్కడ పరుగు పందేలూ జరిగేవి. మూలన ఒక పొడుగాటి గెడ పడి ఉంది. దాన్ని నేలకు పొడిచి, పట్టుకుని గాల్లోకి లేచి అడ్డకర్ర దాటుతారే, ఆ గెడ. ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు. దాన్ని ఊడ్చేటప్పుడల్లా తోసి పక్కన పెట్టేవాడిని. ఆ రోజు మధ్యలో పట్టుకుని ఊపి చూశాను. రెండు కొసలూ కిందికీ పైకీ ఆడాయి.

కావడి బద్దకు కావాల్సింది ఆ ఊపే. ఊపు లేని కర్ర భుజం విరుస్తుంది.

రంపంతో కావలసినంత కోశాను. రెండు రంగు డబ్బాలకు తాళ్ళు కట్టాను. లింబాద్రి ఆ కావడిని చూసి తల కొట్టుకున్నాడు. అయినా పోయే ముందు గదిలో ఏసీ నీళ్ళు కారే గొట్టం కింద బకెట్టు పెట్టి, "ఇది సుత మరువకు, దినాం నిండుతది" అని చెప్పి పోయాడు.

ఆ గెడ గాజుపీచుతో చేసింది. దాని ముళ్ళు కంటికి కనబడవు. మొదటి రోజే భుజమంతా మంట. పాత తువ్వాలు చుట్టాను, మానలేదు. రమణి పంపిన పాత చీర పొరలు పొరలుగా చుట్టాక కుదిరింది. తెల్లవారి నమాజుకు ముందు లేచేవాడిని. గుంటలో ముంచుకుని, కంచె వెంబడే ఉత్తరం గేటు దాకా నడిచి, అక్కడి నుంచి ఎండిపోయిన గ్రౌండు పొడుగునా గోలు దాకా వచ్చేవాడిని. ఎండ ముదిరాక ఆపి, పొద్దు వాలాక మళ్ళీ. రేకులు కట్టే బంగ్లాదేశ్ కుర్రాళ్ళు మొదట్లో ఫోన్లలో వీడియో తీసుకుని నవ్వుకున్నారు. తర్వాత దారిలో వాళ్ళు పడేసిన ఇనుప ముక్కలు వాళ్ళే ఏరి పక్కన వేశారు.

మస్తాన్ బీ ఊరుకునేది కాదు. "ఏమన్నా, తిరణాలకు పోతాండావా కావడెత్తుకోని? రవ్వంత పసుపు రాసుకో." అంటూనే నేను వచ్చేలోగా గుంటలో నీళ్ళు వడగట్టి డబ్బాలకు తోడి పెట్టేది.

ముదీర్ ఒకసారి కారు ఆపి అద్దం దించాడు. "సుబ్బయ్యా, ఇన్‌తా మజ్నూన్?" పిచ్చివాడివా అని.

పిచ్చివాడినో కాదో నాకు మాత్రం ఏం తెలుసు. డబ్బాలు తొణకకుండా పక్కకు జరిగి కారుకు దారి ఇచ్చాను.

జూలై ఆఖరులో ఒక వారం వేడిగాలి వదలలేదు. ఎంత పోసినా కొసలు మాడిపోయాయి. గోలు ముందంతా గోనెపట్ట రంగుకు వచ్చింది. ఆ శుక్రవారం రమణి వచ్చి చూసింది. నా పక్కన కూర్చుని, "మామాకు చెప్తాలే. ఎండకు నువ్వు మాత్రం ఏం జేస్తావు" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపి గోలు దగ్గరికి తీసుకుపోయాను. వంగి, గోనె రంగు గడ్డిలో వేలు గుచ్చి ఒక కాడ పైకి లాగాను. కణుపు దగ్గర తెల్లగా, ఆవగింజంత పచ్చ.

"చావలే" అన్నాను.

ఆమె ఆ కాడను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని లాగిన చోటే గుచ్చి, మట్టి అదిమింది.

*

ఆగస్టులో గాలి మారింది. సముద్రం వైపు నుంచి తేమ వచ్చింది. మనుషులకు ఊపిరాడని గాలి, గడ్డికి మాత్రం పాలు. ఏసీ బకెట్టు పూటకే నిండేది. తెల్లవారితే మడిలో మంచు పట్టినట్టు తడి. పచ్చదనం అంచుల నుంచి మధ్యకు వచ్చింది. మిషను కంపెనీ తీసుకుపోయింది కాబట్టి గొర్రెలు కత్తిరించే కత్తెరతో కూర్చుని గడ్డి సమం చేశాను. మూల మాత్రం వదిలేశాను. మామా రోజు ఖాయం చేసింది. వచ్చే శనివారం తెల్లవారుజామున. చవితి ఆ తర్వాతే.

ఆ సోమవారం పొద్దున మట్టి తవ్వే పెద్ద మిషను వచ్చింది. గొలుసుల చక్రాల మీద మూలుగుతూ, నేరుగా దక్షిణం గోలు ముందుకు వచ్చి ఆగింది. నేను మడిలో కావడి దించుతున్నాను. డ్రైవరు పంజాబీ. కిందికి దిగి నా వైపు వచ్చాడు. ఆ చుట్టుపక్కల నేను తప్ప ఎవరూ లేరు. నా భుజాన కావడి బద్ద, చేతిలో కొడవలి. నన్ను ఏమనుకున్నాడో తెలియదు.

"కిధర్ సే షురూ కరూఁ, భాయ్? ఇధర్ కీ మిట్టీ పహలే నికాలూఁ?"

ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటావు, ఇక్కడి మట్టి ముందు తీసేదా అని అడుగుతున్నాడు.

తూర్పు స్టాండులో ఇంకా కరెంటుంది, నా గదీ సామాన్ల కొట్టూ ఉన్నాయి. అటు పొమ్మనలేను. ఖాళీ చేసి, వైర్లు పీకేసి, సిద్ధంగా ఉన్నది పడమటి స్టాండే.

నేను ఎవరికీ ఎప్పుడూ పని పురమాయించలేదు. ఊళ్ళో కూలీలను పిలిచినప్పుడు కూడా ముందు నేనే దిగేవాడిని.

"ఉధర్ సే కరో" అన్నాను. చెయ్యెత్తి పడమటి స్టాండు చూపించాను.

"పక్కా?"

"పక్కా."

అతను ఫోను తీశాడు, ఎవరికో చేశాడు, ఎత్తలేదు. సిగరెట్టు కాల్చుకుని, మిషనెక్కి, అటు తిప్పాడు. నేను మిగిలిన డబ్బా మడిలో వంచాను. మొదటి దెబ్బ పడినప్పుడు తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి మేము కూర్చునే వరుస కిందికి వచ్చేసింది. పెచ్చుల్లో అన్ని రంగులూ ఒకేసారి బయటపడ్డాయి.

శుక్రవారం రమణి వచ్చింది. ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోయింది. పడమటి వైపు ఇనుప కమ్మీలు గాల్లో వేలాడుతున్నాయి.

"ఏదయ్యా మన మిద్దె?"

"నేనే చూపించినా. ఇది మిగలాలంటే అది పోవాల."

ఆమె గడ్డి వంక చూసింది, కూలిన స్టాండు వంక చూసింది. చెప్పులు విడిచి మడి గట్టు దాటి లోపలికి వచ్చింది. గోలు స్తంభం నీడ సన్నగా ఉంది. ఆ నీడలో ఇద్దరం పట్టేంత చోటు లేదు. అయినా అక్కడే కూర్చుని గిన్నె మూత తీసింది.

"తిను" అంది. "రేపొస్తాడు."

*

శనివారం తెల్లవారుజామున కారు ఉత్తరం గేటు నుంచి మెల్లగా లోపలికి వచ్చింది. మామా నడుపుతోంది. వెనక సీట్లో బాబా, పక్కన రమణి. కారు ఎండిన గ్రౌండు మీదుగా మడి దాకా వచ్చి ఆగింది.

బాబా దిగాడు. చిక్కిపోయాడు. తెల్ల దిష్‌దాషా కింద ఆడుకునే బూట్లు. రమణి మోచెయ్యి పట్టుకుంది. ఆయన పడమటి వైపు చూశాడు. అక్కడ రాళ్ళ కుప్ప. తూర్పు వైపు చూశాడు. నన్ను చూశాడు, నా మీదుగా చూపు పోయింది.

"మీ స్టేడియం, నాన్నా" అంది మామా వాళ్ళ భాషలో.

"కాదు. ఇంటికి పోదాం" అన్నాడాయన.

మామా మళ్ళీ చెప్పింది. ఆయన కారు వైపు తిరిగి తలుపు వెతికాడు. రమణి నా వైపు చూసింది. ఆ పడమటి స్టాండు ఉండి ఉంటే గుర్తుపట్టేవాడేమో. దాన్ని చూపించింది నేనే. మడి గట్టును కాలితో చదును చేశాను, ఆయన అటు వస్తే తట్టుకోకుండా.

ఆయన రాలేదు. తలుపు దొరక్క ఒక అడుగు పక్కకు వేశాడు. ఆ అడుగు గడ్డి మీద పడింది.

ఆగాడు. బూటు మొనతో గీరాడు. మళ్ళీ గీరాడు. రమణి చెయ్యి వదిలించుకున్నాడు. తల దించుకుని, అడుగులో అడుగు వేస్తూ గీత వెంబడి నడిచాడు. చేతిలో కర్ర లేదు, అయినా చెయ్యి కర్ర పట్టుకున్నట్టే ఉంది. గోలు దాటాడు. జెండా కర్ర ఉండే చోటు దాటాడు. కుళాయి మూలకు వచ్చాడు. అక్కడ గరిక మోకాలి కిందికి పెరిగి, కొసలు వాలి ఉంది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఈసారి చూపు నా మీదే ఆగింది.

"చమ్ మర్రా గిల్త్ లిక్?"

గొంతు సన్నబడింది కానీ కోపం అదే.

మామా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. నేను తల ఊపాను. కొడవలి తీసుకుని వంగాను. ఎప్పటిలా రెండు పిడికిళ్ళు కోశాను. ఆయన వెళ్ళలేదు. నిలబడే ఉన్నాడు. ఇంకో పిడికిలి కోశాను. ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ మూలంతా కోయించాకే కదిలాడు. నేను కోసిన గరికను రమణి కొసలు చెదరకుండా చున్నీలోకి ఎత్తుకుంది.

తర్వాత ఆయన పోయి రెండు స్తంభాల మధ్య నిలబడ్డాడు. వల లేదు, బంతి లేదు. మోకాళ్ళు కొంచెం వంచాడు. చేతులు రెండూ పక్కలకు తెరిచి, ఖాళీ గ్రౌండు చివరి దాకా చూస్తూ ఉన్నాడు. ఎండ తూర్పు స్టాండు మీదుగా దిగి ఆయన బూట్ల మీదికి వచ్చేవరకూ ఎవరూ పిలవలేదు.

కారెక్కే ముందు మామా నన్ను అడిగింది. "ఈ గడ్డి ఊరి బయట కబ్ద్‌లో మా తోటలో బతుకుతుందా?"

"నీళ్ళుంటే" అన్నాను.

"బావి ఉంది. నీళ్ళు పెట్టే మనిషి లేడు."

నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే కాగితం, తోట పేరు మీదికి మార్చడానికి ఏం కావాలో, కంపెనీతో ఎవరు మాట్లాడాలో రమణి అప్పటికే అడిగి పెట్టుకుందని తర్వాత తెలిసింది. అది కూడా నన్ను అడగకుండానే.

ఆ ఆదివారం లింబాద్రి సెలవు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరం పారలతో గడ్డిని వేళ్ళతో సహా పలకలుగా కోసి, తడి గోనెల్లో చుట్టి, కబ్ద్ లారీకి ఎక్కించాం. పంజాబీ డ్రైవరు తన మిషను ఆపుకుని ఎదురుచూశాడు. మూలన కోసిన గరిక ఆ సాయంత్రమే చవితికని మనోళ్ళ గదులకు పోయింది. ఒక చిన్న కట్ట మస్తాన్ బీ కూడా అడిగి తీసుకుంది. "మా పక్క రూములో చిత్తూరామె ఉండాది, చవితి చేస్తాది. మా నీళ్ళ గరిక అని చెప్పి ఇస్తా" అంది.

*

ఇప్పుడు చలికాలం. కబ్ద్‌లో బావి నీళ్ళు కొంచెం ఉప్పన. అయినా గరిక పట్టింది. మామా వాళ్ళు బాబాను ఇక్కడికే మార్చారు, గాలి మంచిదని. ఆయన వెంట రమణి వచ్చింది. తోట చివర రేకుల గదిలో మేమిద్దరం ఉంటున్నాం. మొదటి రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఇంత చిన్న మిద్దెలో ఎట్ల పడుకునేదయ్యా అంది.

పొద్దు వాలగానే బాబా బూట్లు అడుగుతాడు. తొడిగాక సోఫా మీద కూర్చోడు. బయటికి వచ్చి గడ్డి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. బావి పక్క మూలకు రాగానే ఆగుతాడు. వెనక్కి తిరుగుతాడు.

"ఆ మూల కోసేయరాదా?" అంటుంది రమణి. "దినమూ తిట్టించుకుంటావు."

నేను కొడవలి తీసుకుని లేస్తాను. రెండు పిడికిళ్ళు కోస్తాను. ఆయన అటు తిరగగానే ఆపేస్తాను.